స్కూబా సామాను ఎవరికి వారు ఎందుకు మార్చుకుంటారు? ముందు ఏది మార్చుకోవాలి?

ప్రశ్న అడిగినవారిది అనంతపురం. అండమాన్‌లో ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్ కోర్సులు రెండూ పూర్తి చేశారు. ఈమధ్య కర్ణాటక తీరంలోని నేత్రాణి దీవికి వెళ్లినప్పుడు పడవలో ఏ ఇద్దరి సామానూ ఒకేలా కనిపించలేదట. ఒకాయన నోటికి గాలి అందించే అదనపు రెగ్యులేటర్‌ను రబ్బరు తాడుతో గడ్డం కింద వేలాడదీసుకున్నారు. ఒకావిడ జాకెట్‌కు ముందు భాగమే లేదు. వీపున ఒక లోహపు పలక, దానికి పట్టీలు, అంతే. ఇంకొకరి ఒంటి నిండా కొక్కేలు. ఇదంతా అవసరమా, ఆర్భాటమా? సొంతంగా కొనుక్కోవాలంటే ఏది ముందు కొనాలి, ఎలా అమర్చుకోవాలి? ఇదీ వారి ప్రశ్న.

కొంత అవసరం, కొంత ఆర్భాటం. మీకు నేరుగా చెప్పాలంటే: ముందు మాస్కు, తర్వాత డైవ్ కంప్యూటర్ కొనుక్కోండి. ఆ తర్వాత పైసా ఖర్చు లేని పని ఒకటుంది. మునగడానికి మీకు ఎంత సీసం బరువు కావాలి, అది ఒంటి మీద ఎక్కడ ఉండాలి అన్నది తేల్చుకోవడం. గొట్టాలు, పలకలు, కొక్కేల సంగతి అవి కుదిరాక చూద్దాం. నీటి కింద మీకు నిజంగా ఎదురైన ఇబ్బందిని తీర్చని మార్పు ఏదైనా సరే, అది మీకు అక్కర్లేదు. ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను. మీ సామానులో కొన్ని వస్తువులు మీకంటే మీ బడ్డీకే, అంటే జతగా దిగే తోటి డైవర్‌కే, ఎక్కువ అవసరం. వాటి విషయంలో మీ ఇష్టం చెల్లదు.

నాది కర్నూలు. సీజన్‌లో అండమాన్‌లో, మిగతా కాలంలో పుదుచ్చేరి వైపు డైవింగ్ నేర్పుతాను. వేసవిలో ఇంటికి వస్తే సీమ జిల్లాల నుంచి ఇలాంటి ప్రశ్నలతో ఫోన్లు వస్తూనే ఉంటాయి. సముద్రం లేని చోట ఉన్నాం కాబట్టి మనకు సామాను చూసి, పట్టుకుని, ముఖానికి పెట్టుకుని కొనే వీలు తక్కువ. వీడియోలు చూసి కొనేస్తాం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాస్కు. దీని అమరిక మీ ముఖాన్ని బట్టే ఉంటుంది. ధరతో, కంపెనీతో సంబంధం లేదు. పట్టీని పక్కకు తీసేసి మాస్కును ముఖానికి ఆనించి, ముక్కుతో కొద్దిగా గాలి లోపలికి పీల్చి చేయి వదిలేయండి. జారకుండా అంటుకుని ఉండాలి. అప్పుడే అది మీ మాస్కు. ఆన్‌లైన్‌లో కొంటే ఈ పరీక్ష ఇంటి దగ్గరైనా చేసి, కుదరకపోతే వెనక్కి పంపేయండి. పట్టీని బిగిస్తే నీరు ఆగుతుందనుకోవడం చాలామందికి ఉన్న భ్రమ. ఎక్కువ బిగిస్తే అంచు మెలిపడి ఇంకా కారుతుంది, నుదుటి మీద అచ్చు పడటం అదనం.

మన వైపు మగవాళ్లకు మీసాల దగ్గర పేచీ వస్తుంది. మాస్కు కింది అంచు సరిగ్గా ముక్కు కింద, మీసం మీదే ఆనుతుంది. సిలికాన్‌కూ చర్మానికీ మధ్య వెంట్రుకలుంటే నీరు సన్నగా కారుతూనే ఉంటుంది. నంద్యాల నుంచి వచ్చిన ఒకతను ప్రతి రెండు నిమిషాలకూ మాస్కు ఖాళీ చేసుకుంటూ సగం గాలి దానికే ఖర్చు పెట్టేవాడు. మీసం తీయమంటే ససేమిరా అన్నాడు. మొత్తం తీయనక్కర్లేదు. ముక్కు రంధ్రాల కింద, అంచు ఆనే మేర సన్నని గీత మాత్రం గొరిగించుకుంటే చాలు. చూసేవాళ్లకు తెలియను కూడా తెలియదు. అతను అదే చేశాడు, నీరు ఆగింది. కొందరు వాజలైన్ రాస్తారు. పెట్రోలియం జెల్లీ రబ్బరు భాగాలకు మంచిది కాదు, దాని జోలికి వెళ్లకండి.

కళ్లద్దాలు వాడేవారికి పవర్ గ్లాసులు బిగించే మాస్కులు దొరుకుతాయి. రెండు కళ్లకు విడివిడి అద్దాలున్న మాస్కు అయితే మార్చడం తేలిక. నీటిలో వస్తువులు మూడోవంతు పెద్దవిగా, నాలుగోవంతు దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి స్వల్పంగా దూరపు చూపు తగ్గినవారు పవర్ లేకుండానే నెట్టుకొస్తారు. నలభై దాటి దగ్గరి అంకెలు మసకబారినవారి సమస్య వేరు. చేప కనిపిస్తుంది, గేజి కనిపించదు. అలాంటివారు అద్దం కింది భాగంలో అతికించుకునే చిన్న భూతద్దపు బిళ్లలు ఉన్నాయి. ఆదోనికి చెందిన ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి అవి పెట్టించుకున్నాక, గాలి ఎంత ఉందో చూడమని నా వైపు గేజి తిప్పడం మానేశారు. ఖర్చు చూస్తే స్వల్పం, కలిగిన భద్రత మాత్రం ఏ ఖరీదైన రెగ్యులేటర్‌కూ తీసిపోదు.

పొడవు జుట్టు ఉన్నవాళ్లం సిలికాన్ పట్టీతో పడే పాట్లు ఇంకో కథ. తీసిన ప్రతిసారీ నాలుగు వెంట్రుకలు పీకుతుంది. వెట్‌సూట్ బట్టతో చేసిన వెడల్పు పట్టీ వేసుకుని, జడను సూట్ లోపలికి దోపేస్తే గొడవ ఉండదు. కొత్త మాస్కు అద్దం మీద తయారీ నాటి పొర ఉంటుంది. టూత్‌పేస్టుతో బాగా రుద్ది కడగండి, లేకపోతే ఎంత ఉమ్మి రాసినా ఆవిరి పడుతూనే ఉంటుంది.

కంప్యూటర్. ఇది సొంతంగా ఉండాలనడానికి కారణం సోకు కాదు. నిన్న, మొన్న మీరు చేసిన డైవ్‌ల వల్ల మీ ఒంట్లో మిగిలిన నత్రజని లెక్క దానిలో ఉంటుంది. అద్దెకు తీసుకుంటే ఇవాళ ఒకటి, రేపు ఇంకొకటి చేతికి ఇస్తారు. రెండోదానికి మీ నిన్నటి సంగతి తెలియదు. ఒకే కంప్యూటర్‌ను ఇద్దరు చూసుకోవడం కూడా సరికాదు, ఎవరి లోతు వారిది. ఏ చేతికి పెట్టుకోవాలన్నది మాత్రం మీ ఇష్టం. నేను కుడి మణికట్టుకు పెడతాను. పైకి వచ్చేటప్పుడు ఎడమ చేతిలో బీసీడీ (గాలి నింపే జాకెట్) గొట్టం ఎత్తి పట్టుకుని గాలి వదులుతూ ఉంటాను, అదే సమయంలో కుడి చేతి మీద లోతు, పైకి వచ్చే వేగం కనిపించాలి. నిమిషానికి 9 మీటర్లు దాటితే కనబడాల్సింది అప్పుడే కదా.

ఇక అసలు విషయానికి వస్తాను. బరువు, అది ఉండే చోటు. పడవలో ఎదుటివారి సామాను చూస్తే ఇది కనిపించదు. కనిపించే కొక్కేల కంటే ఇదే ఎక్కువ పని చేస్తుంది.

సీమలో దిగుడు బావుల్లో, కేసీ కాలువలో ఈత నేర్చినవాళ్లు నా దగ్గరకు చాలామంది వస్తారు. నడుముకు ఈత బెండ్లు కట్టుకుని దూకి నేర్చినవాళ్లకు నీరంటే భయం ఉండదు. అది పెద్ద వరం. ఇబ్బందల్లా అలవాట్లతోనే. తల పైకెత్తి, మోకాళ్లు ముడిచి సైకిల్ తొక్కినట్టు కాళ్లాడిస్తారు, చేతులు ఊరుకోవు. స్కూబాలో ఆ భంగిమలో ఏమవుతుందంటే, ఒళ్లు నిలువుగా ఉంటుంది కాబట్టి ప్రతి తన్నూ మనిషిని పైకే తోస్తుంది. పైకి తేలిపోతున్నానని ఇంకో కిలో సీసం వేసుకుంటారు. నడుము దగ్గర బరువు పెరిగితే కాళ్లు ఇంకా కిందికి దిగుతాయి, ఒళ్లు ఇంకా నిలువవుతుంది. మళ్లీ తన్ను, మళ్లీ పైకి, మళ్లీ ఇంకో కిలో. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ఒక మాస్టారు సన్నటి మనిషి, 3 మిల్లీమీటర్ల సూట్‌తో 8 కిలోలు కట్టుకునేవారు. పడవలో ఎవరూ కాదనలేదు. బరువు ఎక్కువైతే మనిషి తేలిగ్గా దిగుతాడు, దించేవాళ్లకు అదే సుఖం.

ఎక్కువ సీసం ఎందుకు ప్రమాదమో ఒక లెక్క చూడండి. అవసరానికి మించి 4 కిలోలు వేసుకుంటే, దాన్ని మోయడానికి బీసీడీలో అదనంగా 4 లీటర్ల గాలి నింపాలి. 20 మీటర్ల లోతులో పీడనం 3 బార్లు. అక్కడి నుంచి 10 మీటర్లకు వస్తే 2 బార్లు. ఆ 4 లీటర్లు అక్కడ 6 లీటర్లవుతాయి. మీరు ఏమీ చేయకుండానే 2 లీటర్ల గాలి కొత్తగా పుట్టి మిమ్మల్ని పైకి లాగుతుంది. సకాలంలో వదలకపోతే వేగం మీ చేయి దాటిపోతుంది. సరైన బరువుతో దిగిన మనిషికి ఆ ఊపు చాలా తక్కువ.

సరైన బరువు తెలుసుకునే పద్ధతి ఇది. డైవ్ ముగింపులో, సిలిండర్‌లో 50 బార్లు మిగిలి ఉండగా, పైకి తేలే ముందు కాసేపు ఆగే 5 మీటర్ల సేఫ్టీ స్టాప్ దగ్గర బీసీడీ పూర్తిగా ఖాళీ చేయండి. మామూలుగా ఊపిరి తీస్తూ కదలకుండా అక్కడే నిలవగలిగితే మీ బరువు సరిపోయింది. మునిగిపోతుంటే ఎక్కువైనట్టు, పైకి పోతుంటే తక్కువైనట్టు. మొదట్లో కాకుండా చివర్లోనే ఎందుకంటే, మన దేశంలో ఎక్కువగా దొరికేది సుమారు 11 లీటర్ల అల్యూమినియం సిలిండర్. నిండుగా ఉన్నప్పుడు అది మునుగుతుంది, గాలి అయిపోయే కొద్దీ తేలడం మొదలుపెడుతుంది. లోపలి గాలి బరువే రెండున్నర కిలోలు దాటుతుంది మరి. నిండు సిలిండర్‌తో సరిపోయిన బరువు చివర్లో చాలదు.

మాస్టారి బరువు కొన్ని డైవ్‌లలో 5 కిలోలకు దిగింది. అందులో 2 కిలోలు నడుము నుంచి తీసి సిలిండర్‌ను చుట్టే పట్టీకి, వీపు పైభాగాన పెట్టాం. కాళ్లు లేచి ఒళ్లు అడ్డంగా నిలిచింది. అంతకుముందు ఆయన వెనుక ఎప్పుడూ ఇసుక మేఘం ఉండేది, అది పోయింది. ఫిన్లు పగడాలకు తగలడం మానేశాయి. సిలిండర్‌ను నాలుగు వేళ్ల మేర పైకి జరిపి కట్టినా ఇలాంటి ఫలితమే వస్తుంది. ఫిన్ల బరువు కూడా ఇందులో భాగమే. కాళ్లు మునిగేవారు తేలికైన ప్లాస్టిక్ ఫిన్లు, కాళ్లు తేలిపోయేవారు బరువైన రబ్బరు ఫిన్లు ఎంచుకుంటే సగం సర్దుకుంటుంది. ఫిన్ల గురించి గంటల తరబడి వాదించుకుంటారు, నాకు తెలిసి ఆ వాదనలో పనికొచ్చే ముక్క ఇదొక్కటే. పడవ మీద నుంచి దూకే చోట్ల పాదమంతా పట్టే ఫిన్లు చాలు. రాళ్ల మీద నడిచి దిగాల్సిన చోట బూట్లు, వెనుక పట్టీ ఉన్న ఫిన్లు కావాలి.

తేల్చుకున్న లెక్కను రాసి పెట్టుకోండి: ఏ సూట్, ఏ సిలిండర్, ఉప్పునీరా మంచినీరా, ఎన్ని కిలోలు, ఎక్కడెక్కడ. సముద్రపు నీరు మంచినీటి కంటే సుమారు రెండున్నర శాతం సాంద్రమైనది. కర్నూలులోనో బెంగళూరులోనో ఈతకొలనులో కుదిరిన బరువుకు సముద్రంలో దాదాపు రెండు కిలోలు కలుపుకోవాల్సి వస్తుంది.

గొట్టాలు. మీరు చూసిన ఆయన గడ్డం కింద రెగ్యులేటర్ వేలాడదీసుకోవడం సోకు కోసం కాదు, దానికో చరిత్ర ఉంది. అమెరికాలోని ఫ్లోరిడాలో నీటితో నిండిన గుహల్లో తిరిగే డైవర్లు ఈ పద్ధతిని రూపొందించుకున్నారు. విలియం హోగార్త్ మెయిన్ అనే గుహ డైవర్ పేరు మీద దీన్ని హోగార్తియన్ అమరిక అంటారు. నోట్లో ఉన్న రెగ్యులేటర్‌కు సుమారు 2.1 మీటర్ల పొడవు గొట్టం ఉంటుంది. గాలి అయిపోయినవారికి దాన్నే తీసి ఇస్తారు. తాము మెడ దగ్గరున్న రెండోది నోట్లో పెట్టుకుంటారు. అంత పొడవు ఎందుకో బెలుం గుహల్లో ఇరుకు దారుల్లో ఒకరి వెనుక ఒకరుగా నడిచినవారికి చెప్పనక్కర్లేదు. పక్కపక్కన పట్టని చోట గాలి పంచుకోవాలంటే గొట్టం ముందువారి నుంచి వెనుకవారి దాకా రావాలి.

నేత్రాణిలో ఇరుకు గుహలు దూరి వెళ్లేవాళ్లం కాదు కాబట్టి ఆ పొడవు మనకు అవసరం లేదు. అయితే ఆ ఆలోచనలో ఒక సత్యం ఉంది. గాలి అందని మనిషి మర్యాదగా సైగ చేసి మీ పసుపు ఆక్టోపస్ (అదనపు రెగ్యులేటర్) వెతుక్కోడు. గాలి కచ్చితంగా వస్తోందని తెలిసిన చోటికే, అంటే మీ నోట్లో ఉన్నదానికే చేయి చాపుతాడు. అప్పుడు మీ రెండోది ఎక్కడుందో వెతక్కుండా గడ్డం కిందే దొరకడం పెద్ద లాభం. అందుకే వినోదానికి డైవ్ చేసే చాలామంది మధ్యేమార్గంగా ఒక మీటరు చిల్లర గొట్టాన్ని కుడి చంక కింది నుంచి తిప్పుకుని, రెండోదాన్ని మెడకు పెట్టుకుంటారు. నేనూ అంతే. కానీ ఈ అమరిక వాడాలంటే దాన్ని ఇవ్వడం సాధన చేసి ఉండాలి. కోర్సులో పసుపుది ఇవ్వడం నేర్చుకుని, గొట్టం మాత్రం మార్చేసుకుంటే ఆపద వేళ చేతులు పాత చోటే వెతుకుతాయి. మీకు ఇప్పుడే అక్కర్లేదంటున్నది అందుకే. కొన్నాళ్లు మామూలు ఆక్టోపస్‌తోనే తిరగండి.

మీ ఇష్టం చెల్లనిది ఇక్కడే. ఆక్టోపస్ పసుపు రంగులో ఉండటం ఎదుటివారి కోసం. ఎరుపు కొద్ది మీటర్ల లోతులోనే గోధుమ రంగుగా, ఆ తర్వాత నలుపుగా కనిపిస్తుంది. పసుపు నిలుస్తుంది. అది గడ్డానికీ, రెండు వైపుల పక్కటెముకల కింది అంచులకూ మధ్య ఉండే త్రికోణంలో, ఒక్క లాగుతో ఊడివచ్చేలా ఉండాలి. జేబులో దోపేసి, సిలిండర్ వెనక్కి వదిలేసి, అందంగా కనిపించడం లేదని నల్లటిది కొనేసి ఇది నా పద్ధతి అంటే కుదరదు. బరువుల బెల్టు ఎటు లాగితే ఊడుతుంది, బీసీడీ బకిల్స్ ఎక్కడున్నాయి, ఇవన్నీ నీటిలోకి దిగే ముందు బడ్డీకి చూపించి, ఒకసారి చేత్తో ముట్టించండి. మీ అమరిక మామూలు కన్నా ఎంత భిన్నంగా ఉంటే ఈ చూపించడం అంత శ్రద్ధగా జరగాలి.

ఆవిడ వేసుకున్న పలక సంగతి. దాన్ని బ్యాక్‌ప్లేట్, వెనుక గాలి నిండే సంచిని వింగ్ అంటారు. ఛాతీ, పొట్ట మీద గాలి సంచి ఉండదు, నీటిలో అడ్డంగా పడుకోవడం సులువు. ఒకే పొడవు పట్టీ కాబట్టి పొట్టివారికీ పొడవువారికీ అమరుతుంది. ఆడవాళ్లకు చాలా జాకెట్లు పొడవై చెవుల దాకా ఎగదన్నుతాయి, గోచీ పట్టీ ఉన్న పలకతో ఆ బాధ ఉండదు. ఉక్కు పలకైతే తన బరువుకు సరిపడా సీసం తగ్గించుకోవచ్చు. లోపాలూ ఉన్నాయి. నీటిపైన ఎక్కువ గాలి నింపితే ముఖం ముందుకు వంగేలా తోస్తుంది. భుజం నొప్పి ఉన్నవారికి ఆ ఒకే ముక్క పట్టీలోంచి చేయి తీయడం నరకం, వారికి భుజం దగ్గర ఊడే బకిల్ ఉన్న జాకెట్టే మేలు. విమానంలో 15 కిలోల సామాను పరిమితిలో ఉక్కు పలక తీసుకెళ్లడం ఎవరికి వారు ఆలోచించుకోవాలి. నడుం నొప్పి ఉన్నవారికి ఏ జాకెట్ అన్నది ప్రశ్నే కాదు. సిలిండర్‌తో సహా నీటిలోకి దించమని పడవవాళ్లను అడగండి, నీటిలోనే తొడుక్కోండి. అడగడానికి సిగ్గుపడకండి.

తగిలించుకునే వస్తువులు. వీటిలో నేను తప్పదనేది ఎస్‌ఎంబీ ఒక్కటే. నీటి కింద నుంచి గాలి నింపి పైకి వదిలే ఆ నారింజ రంగు గొట్టం లేకపోతే మీరు ఎక్కడ తేలబోతున్నారో పడవకు తెలియదు. దానితో పాటు ఒక ఈల. మన తీరాల్లో తెగిపోయిన చేపల వలలు ఎక్కువ, నైలాన్ దారం కంటికి ఆనదు, కాబట్టి కోసే పరికరం కూడా ఉండాలి. సినిమాల్లోలా కాలికి కట్టే పెద్ద కత్తి కొనకండి. అదే వలకు చిక్కుకుంటుంది. రెండు చేతులకూ అందేలా ఛాతీ పట్టీ మీద లేదా నడుము ముందు ఉండే చిన్న దారం కోత బ్లేడు చాలు. కత్తెరో కత్తో ఏదైనా విమానంలో చేతి సంచిలో ఉండకూడదు. టార్చి లిథియం బ్యాటరీలు దానికి సరిగ్గా వ్యతిరేకం, విడి బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి.

కొక్కేల విషయంలో నియమం ఒకటే. లోహాన్ని లోహానికి నేరుగా తగిలించి శాశ్వతంగా బిగించవద్దు. కొక్కేనికీ వస్తువుకూ మధ్య సన్నని నైలాన్ తాడు ముడి ఉండాలి. కొక్కెం తుప్పుపట్టి బిగుసుకుపోతే ఆ తాడు కోసేయవచ్చు. నాలుగు చుట్లు చుట్టి, ముడి వేసి, చివరలు అగ్గిపుల్లతో కరిగించి వేలితో కాకుండా చెంచా వెనుకతో నొక్కండి. వేలాడే గొట్టాలను, టార్చిని ఒంటికి ఆనించి ఉంచడానికి ఖరీదైన రబ్బరు బ్యాండ్లు అమ్ముతారు. కర్నూలులో మా వీధి పంక్చర్ షాపులో పాత సైకిల్ ట్యూబు అడిగి, రెండు వేళ్ల వెడల్పున కోసుకున్న ముక్కలే నా పట్టీల మీద ఉన్నాయి. ప్రపంచమంతటా గుహ డైవర్లు చేసే పని కూడా ఇదే. గాలి గేజిని మాత్రం ఎడమ తుంటి దగ్గర తగిలించేయండి. అడుగున ఈడ్చుకుంటూ వెళ్లే గేజి పగడాలను ఎంత విరగ్గొడుతుందో అది తగిలించుకున్న మనిషికి కనబడదు.

కెమెరా ఉంటే పైన చెప్పినవన్నీ కుదిరాకే నీటిలోకి తీసుకెళ్లండి. కడపకు చెందిన ఒక ఫోటోగ్రాఫర్ రెండు చేతులూ కెమెరాకే అప్పగించి, బీసీడీలో గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ నొక్కడానికి మూడో చెయ్యి కావాలనేవాడు. ఒక పొట్టి తాడు, రెండు వైపులా తెరుచుకునే కొక్కెంతో కెమెరాను ఛాతీ రింగుకు తగిలించడం అలవాటు చేశాక ఊపిరి పీల్చుకున్నాడు.

మీరు ఏడాదికి ఒకటి రెండు సార్లే వెళ్లేటట్టయితే రెగ్యులేటర్, బీసీడీ అద్దెకే తీసుకోండి. అద్దె సామానును కూడా పది నిమిషాల్లో మీదిగా చేసుకోవచ్చు. సొంత మౌత్‌పీస్ ఒకటి, రెండు ప్లాస్టిక్ టైలు సంచిలో పెట్టుకోండి. దవడ నొప్పి పుట్టేవారికి వేడి నీటిలో మెత్తబరిచి పళ్ల అచ్చుకు తగ్గట్టు కొరికే రకం దొరుకుతుంది. సిబ్బందిని అడిగి మార్పించుకోండి. భుజం పట్టీలు మీ కొలతకు లాగి, ఆక్టోపస్‌కు, గేజికి మీ కొక్కేలు తగిలించి, మీ బరువు లెక్క చెప్పి సీసం మీరే ఎక్కించుకోండి. ఎవరో కట్టి సిద్ధంగా ఉంచింది తొడుక్కుని దూకేయడం అలవాటైతే మీ సామాను మీకు ఎప్పటికీ పరాయిదే.

రెగ్యులేటర్ సొంతంగా కొనే రోజు వస్తే, సిలిండర్‌కు బిగించే రకం చూసుకోండి. మన దగ్గర అద్దె సిలిండర్లు ఎక్కువగా యోక్ (క్లాంపులా పట్టే) రకం. మీది డిన్ (మర తిప్పి బిగించేది) అయితే అడాప్టర్ వెంట ఉండాలి. కంపెనీ చెప్పిన గడువుకు సర్వీసు తప్పదు, దానికి సీమలో దుకాణం లేదని మరిచిపోకండి.

ఇంటి దగ్గర జాగ్రత్త తీర ప్రాంతం వాళ్లు చెప్పేదానికంటే మనకు కాస్త వేరు. అనంతపురం బోరు నీళ్లతో కడిగి ఆరబెడితే ఉప్పు పోయి సున్నం వస్తుంది. బటన్ల చుట్టూ, బకిల్స్ సందుల్లో తెల్లటి పొర కట్టి బిగుసుకుంటాయి. బోరు నీళ్లలో నానబెట్టినా చివరిసారి ఫిల్టర్ నీళ్లతో కడగండి. రెగ్యులేటర్ మూత బిగించి ఉందో లేదో చూశాకే నీటిలో పెట్టండి. ఇక ఎండ. వేసవిలో రేకుల గదిలో, కారు డిక్కీలో వదిలేస్తే వెట్‌సూట్, సిలికాన్, రబ్బరు రింగులు అన్నీ త్వరగా పాడవుతాయి. నీడలో ఆరబెట్టి, ఇంట్లో చల్లగా ఉండే గదిలో పెట్టండి. తెల్ల సిలికాన్ మాస్కును నల్ల రబ్బరుకు ఆనించి దాస్తే మరకలు పడతాయి.

కొత్తగా మార్చింది ఏదైనా ఒక్కొక్కటిగా మార్చండి, మొదట ఈతకొలనులో చూడండి. రెండు ఒకేసారి మారిస్తే ఏది పని చేసిందో, ఏది ఇబ్బంది పెట్టిందో తెలియదు. కొలను దొరకలేదని నీళ్లు నిండిన నాపరాయి క్వారీ గుంతల్లో, పాడుబడ్డ బావుల్లో దిగవద్దు. బేతంచెర్ల, తాడిపత్రి వైపు కుర్రాళ్లు ఈ మాట అడుగుతుంటారు. అడుగున తీగలు, చెట్ల మోడులు ఉంటాయి, కళ్ల ముందు చేయి కనపడదు, పైకెక్కడానికి సరైన గట్టు ఉండదు, పైన సాయం చేసేవాళ్లు ఉండరు. శ్రీశైలం, గండికోట జలాశయాలకూ ఇదే వర్తిస్తుంది.

సామానుకు సంబంధం లేకపోయినా మన ఊళ్లవాళ్లకు చెప్పి తీరాల్సింది ఒకటి మిగిలింది. డైవ్ తర్వాత విమానం ఎక్కకూడదని మీకు కోర్సులో చెప్పారు. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, వరుసగా చేస్తే కనీసం 18 గంటలు ఆగాలి. ఇది కొండలకూ వర్తిస్తుంది. పుదుచ్చేరిలో సాయంత్రం దాకా డైవ్ చేసి, రాత్రికే తిరుమల కొండెక్కి, తెల్లవారి దర్శనం చేసుకుని కడపకు చేరే ప్రణాళికలు నేను చాలా చూశాను. తిరుమల దాదాపు 850 మీటర్ల ఎత్తు. బెంగళూరు మీదుగా అనంతపురం వచ్చినా 900 మీటర్లు దాటుతారు. మీ కంప్యూటర్‌లో విమానం గుర్తు పక్కన కనిపించే గంటలు పూర్తయ్యేదాకా కిందే ఉండండి. దర్శనం టికెట్ ముందే ఉంటే డైవ్‌లకు ముందు రోజుకు మార్చుకోండి.

మీ ఎత్తు, బరువు, ఏ మందం సూట్‌తో దిగుతున్నారు, నేత్రాణిలో ఎన్ని కిలోలు వేశారు అన్నది రాస్తే సీసం లెక్క ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెబుతాను.